పాత మోటారుకార్లు - వాటి ఆప్తబంధువులు

కృష్ణాజిల్లాలో ఉయ్యూరు పేరు చెప్పగానే ఎవరికైనను చక్కెర కర్మాగారము గుర్తుకు వస్తుంది. సహకార సంఘముగా ఆరంభమై నడవలేకపోయిన కర్మాగారమును 1941లో వెలగపూడి రామకృష్ణగారు చేపట్టగా, అదే కె.సి.పి. సంస్థకు పునాది అయినది. చెరకు రసమునుండి చక్కెర తీయగా మిగిలే నల్లని చిక్కని ద్రవమును మొలాసిస్ అంటారు. దానిని ఈస్టుతో పులియబెట్టి బట్టీ పట్టినచో ఈథైల్ ఆల్కహాలు, అనగా ఇథనాలు, లభిస్తుంది. ఒకప్పుడు ఇది మందులకు, వార్నీషులకు, సారాయికి మాత్రమే పోయేది. ఈనాడు మన దేశములో తయారయ్యే ఇథనాలులో ఎంతో భాగము పెట్రోలులో కలిసి మోటారుబండ్ల టాంకులలోనికి పోవుచున్నది.

2003 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రములలో పెట్రోలులో 5 శాతము ఇథనాలు కలుపు పథకము మొదలైనది. 2023 ఫిబ్రవరిలో 20 శాతము కలిపిన పెట్రోలు కొన్ని బంకులకు వచ్చినది. 2025 నాటికి దేశమంతట అదే సామాన్యమైన పెట్రోలు అయినది. కొత్త కార్లకు ఇబ్బంది లేదు. వాటిని ఈ మిశ్రమమునకు తగినట్లే తయారుచేయుచున్నారు. కాని 1960లలో మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు కారు ఒకటి ఒక ఇంటి వసారాలో ఉన్నదనుకొందాము. ఈ పెట్రోలు పోయవచ్చునా, పోసినచో ఏ భాగము ముందు చెడును, దాని బదులు ఏమి అమర్చవలెను అని ఆ ఇంటివారు ఎవరిని అడుగవలెను? ఆ కంపెనీ ఏనాడో మూతపడినది. దాని ఇంజనీర్లు లేరు. దుకాణములలో విడిభాగములు లేవు. అటువంటి బండ్లే ఉన్న మరి నలుగురిని అడుగుట ఒక్కటే దారి.

ఆ నలుగురు ఒకరినొకరు వెదకి పట్టుకొని సంఘముగా ఏర్పడుట ఎప్పుడు, ఎట్లు మొదలైనదో తెలిసికొనదగిన చరిత్ర.

బ్రైటన్ దారి

ఇంగ్లండులో 1896 వరకు మోటారుబండి రోడ్డు మీదికి రావలెనన్న దాని ముందు ఒక మనిషి నడవవలెను. వేగము గంటకు 4 మైళ్ళు మించరాదు. ఆ సంవత్సరము నవంబరు 14వ తేదీన ఈ నిబంధన రద్దయినది. ఆ సంతోషముతో ముప్పైకి పైగా బండ్లు లండనునుండి సముద్రతీరమున ఉన్న బ్రైటన్ పట్టణమునకు బయలుదేరినవి. దూరము ఏబది మైళ్ళకు పైమాట; మన విజయవాడ - బందరు దూరముకంటె కొంచెము ఎక్కువ. గమ్యము చేరినవి అందులో కొన్ని మాత్రమే. విద్యుత్తుతో నడిచే బండి ఒకటి రైలెక్కి బ్రైటన్ చేరి, ఊరి బయట బురద పూసుకొని వరుసలో కలిసినదని ఒక కథ కూడ చెప్పుకొంటారు.

ముప్పది ఏండ్లు గడిచేసరికి ఆ తొలితరము బండ్లు పాతయినుముగా అమ్ముడుపోవుచుండెను. 1927లో ఒక పత్రికవారు ఆనాటి ప్రయాణమును మరల జరిపించినారు. చూడవచ్చినవారు నవ్వుకొనుటకే వచ్చినారు. దానికి పెట్టిన పేరు కూడ ముసలి డొక్కుల పరుగు అను అర్థము కలదే. అయితే బండ్లు తెచ్చినవారికి అది నవ్వులాట కాలేదు. ఒకరికి మాగ్నెటో పనిచేయుట లేదు, మరియొకరికి గొలుసు తెగినది, ఇంకొకరికి తన బండి ఏ సంవత్సరపుదో తెలియదు. ఒకరి కష్టమునకు మందు రెండవవాని దగ్గర ఉన్నది. 1930లో ప్రయాణము ముగిసిన తరువాత బ్రైటన్‌లోని ఓల్డ్ షిప్ హోటలులో కొందరు కూడి వెటరన్ కార్ క్లబ్బును స్థాపించినారు. పాత కార్ల కొరకు ఏర్పడిన తొలి సంఘములలో ఇది ముఖ్యమైనది.

ఆ సంఘము తలకెత్తుకొన్న పనులలో బండి వయస్సు నిర్ణయించుట ప్రధానమైనది. ఇది వినుటకు చిన్న పని. కాని 1905 జనవరి 1వ తేదీకి ముందు తయారైన బండ్లకే బ్రైటన్ ప్రయాణములో చోటు ఉన్నందున, 1906 నాటి బండిని 1904 నాటిదని చెప్పుకొనుటకు ఆశ పుట్టుట సహజము. పత్రములు లేని బండికి వయస్సు ఎట్లు కట్టవలెను? చట్రము మీది సంఖ్య, ఇంజను మీది సంఖ్య, కర్మాగారపు పాత చిట్టాలు, ఆనాటి ప్రకటనలలోని బొమ్మలు ఒక ఎత్తు; నిర్మాణ లక్షణములు ఒక ఎత్తు. పడవ చుక్కానివంటి కర్రతో త్రిప్పే బండి సాధారణముగా చక్రముతో త్రిప్పే బండికంటె పాతది. విద్యుత్ నిప్పురవ్వకు బదులు ఎర్రగా కాలిన గొట్టముతో మంట పుట్టించే ఇంజను మరీ పాతది. శిలలలోని అవశేషములను బట్టి భూగర్భ శాస్త్రజ్ఞుడు పొర వయస్సు చెప్పుటవంటిదే ఈ పని. దీనికొరకు క్లబ్బు ఒక ప్రత్యేక సంఘమును నియమించి, పరిశీలించిన బండికి ధ్రువపత్రము ఇచ్చు ఏర్పాటు చేసినది. అట్లు పోగైన వివరములు క్రమముగా ఒక పెద్ద చరిత్ర భాండాగారమైనవి. ఈ రంగములో క్రమబద్ధమైన చరిత్ర రచన ఇటువంటి తగవులు తీర్చుట నుండియే పుట్టినదనుట అతిశయోక్తి కాదు.

1934లో వింటేజి స్పోర్ట్స్-కార్ క్లబ్బు వచ్చినది. అంత ధనవంతులు కాని యువకులు తమ చౌక బండ్లతో ఆనందించుటకు పెట్టుకొన్నది ఇది. 1930 డిసెంబరు లోపల తయారైనవే అసలైన వింటేజి కార్లని వారు గీత గీసినారు. ఆ తరువాత వచ్చినవి అట్టపెట్టెలని వారి అభిప్రాయము! మరుసటి సంవత్సరమే అమెరికాలో, ఫిలడెల్ఫియా నగరమున, పురాతన మోటారుకార్ల క్లబ్బు వెలసినది.

వీటికంటె విద్యార్థులకు ఆసక్తి కలిగించవలసినది 1939లో ఏర్పడిన 750 క్లబ్బు. ఆస్టిన్ సెవెన్ అను చిన్న కారు 1922నుండి 1939 వరకు తయారైనది. దాని ఇంజను సుమారు 750 ఘన సెంటీమీటర్లు. అందువలననే ఆ పేరు. యుద్ధానంతరము పాత ఆస్టిన్లు కారుచౌకగా దొరికేవి. క్లబ్బు సభ్యులు వాటిని విప్పి, బరువు తగ్గించి, ఇంజనును పదునుపెట్టి, తాము కనిపెట్టిన కిటుకులను ఒకరికొకరు చెప్పుకొనేవారు. 1948లో ఒక ఆస్టిన్ సెవెన్‌ను పునర్నిర్మించి తన మొదటి కారు తయారుచేసిన కాలిన్ చాప్‌మన్ ఈ క్లబ్బులో పెరిగినవాడే. తరువాత పందెపు కార్లలో ప్రఖ్యాతి గాంచిన లోటస్ సంస్థ స్థాపకుడు అతడే. పాతబండ్ల సంఘము ముసలివారి కాలక్షేపమని తలచేవారు ఈ సంగతి గమనింపవలెను.

1953లో "జెనివీవ్" అను సినిమా విడుదలైనది. 1904 నాటి డారాక్ కారు ఒకటి బ్రైటన్ ప్రయాణములో పడే పాట్లు అందులోని కథ. ఉపన్యాసములు చేయలేని పని ఆ హాస్యచిత్రము చేసినది. దాని తరువాత పశువుల కొట్టములలో, గడ్డివాముల చాటున పడియున్న ఎన్నో బండ్లు వెలుగులోనికి వచ్చినవి.

మన దేశములో

మన దారి వేరు. ఇంగ్లండువారు పాత కారును ముచ్చటకొరకు బ్రతికించినారు. మనము అవసరముకొరకు బ్రతికించినాము. 1920లలో ఫోర్డు, జనరల్ మోటార్స్ సంస్థలు మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో భాగములు తెచ్చి కార్లు బిగించేవి. స్వాతంత్ర్యానంతరము పూర్తిగా తయారైన కార్ల దిగుమతి నిలిచిపోయినది. 1953-54 ప్రాంతములో, దేశములోనే తయారుచేసే ఉద్దేశము లేని ఆ రెండు సంస్థలు తమ కర్మాగారములను మూసివేసినవి. దానితో తెలుగుదేశపు జమీందారుల వాకిళ్ళలో, డాక్టర్ల ఇండ్లలో ఉన్న ఫోర్డులు, షెవర్లేలు దిక్కులేనివైనవి. అమెరికానుండి పిస్టను రాదు. వచ్చేవరకు బండి ఆగదు. మేస్త్రీలు లేతు మీద పిస్టను తిరుగబోసినారు, లారీ స్ప్రింగులు కోసి కారుకు అమర్చినారు, రబ్బరుకు బదులు తోలు వాడినారు.

అంతకు ముందు రెండవ ప్రపంచయుద్ధ కాలములో వీరు ఇంకను కఠినమైన పరీక్షకు నిలిచినారు. పెట్రోలుకు రేషను వచ్చినప్పుడు మన రోడ్ల మీద బొగ్గుబస్సులు నడిచినవి. బస్సు వెనుక ఒక పొడవాటి కుంపటి, అందులో కట్టెబొగ్గు. చాలినంత గాలి లేకుండ బొగ్గు మండినప్పుడు కార్బన్ మోనాక్సైడు పుట్టును. నీటియావిరి తగిలినప్పుడు దానితో హైడ్రోజను కూడ కలియును. ఆ వాయువును చల్లబరచి, మసి వడగట్టి, ఇంజనుకు పంపేవారు. శక్తి మూడవవంతుకు పైగా తగ్గేది. ఎక్కుడు వచ్చినచో ప్రయాణికులు దిగి నెట్టవలసినదే. ఏ ఇంజనులో ఏ మార్పు చేసినచో బొగ్గువాయువుతో బాగుగా లాగునో డ్రైవర్లకు, క్లీనర్లకు కంఠస్థము. ఆ విద్య వ్రాతలోనికి వచ్చినది అతిస్వల్పము. మన పక్షమున ఉన్న పెద్ద లోటు ఇదియే: చేతులు ఉన్నవి, చిట్టాలు లేవు.

విజయవాడలో 1960లలో నెలకొల్పబడిన జవహర్ ఆటోనగరు ఆ చేతులన్నిటిని ఒకచోటికి చేర్చినది. క్రాంకుషాఫ్టు అరుగదీయుట, రేడియేటరు అతుకుట, బాడీ కట్టుట, టింకరింగు, రంగు - ఒక్కొక్క వీధిలో ఒక్కొక్క విద్య. అక్కడివారికి జీవనాధారము లారీలు, బస్సులేగాని పాతకార్లు కావు. అయినను గ్రంథములలో దొరకని ఒక ఇత్తడి బుష్షును కొలతలు చూచి పుట్టించగల మేస్త్రీ లేనిదే ఏ పాతకార్ల సంఘమునకు మనుగడ లేదు.

సంఘము అను రూపము మన దేశములో 1964లో ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక జరిపిన పాతకార్ల ర్యాలీతో ప్రజలకు బాగుగా పరిచయమైనది. 1968లో కలకత్తాలో కూడ ఆ పత్రికే ర్యాలీ మొదలుపెట్టినది. సంస్థానములు విలీనమై, రాజభరణములు 1971లో రద్దయిన కాలమది. రాజుల గారేజీలనుండి కార్లు బయటికి వచ్చి చేతులు మారుచుండగా, వాటి విలువ తెలిసినవారు కొందరు పట్టణములలో సంఘములుగా ఏర్పడినారు. హైదరాబాదులోని డెక్కన్ హెరిటేజి ఆటోమొబైల్స్ అసోసియేషన్ వంటివి ఆ తరువాతి కాలమున పుట్టినవే.

హైదరాబాదు పేరు వచ్చినది కనుక ఒక కారు సంగతి చెప్పక తప్పదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీఖాన్ ఒక రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టును తెప్పించుటకు ఉత్తరువిచ్చి, అది చేతికి రాకముందే 1911లో కన్నుమూసినారు. పసుపుపచ్చని రంగు, సింహాసనమువంటి ఆసనము గల ఆ బండి ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ ఆలీఖాన్ చేతికి వచ్చినది. ఉత్సవములకు తప్ప బయటికి తీయనందున అది తిరిగిన దూరము కొన్ని వందల మైళ్ళు మాత్రమే. ఆరు సిలిండర్ల ఇంజను, 7,428 ఘన సెంటీమీటర్లు; ఆ కాలమున ప్రపంచములో అత్యుత్తమమని పేరు పొందిన యంత్రము. తరువాత దశాబ్దముల తరబడి కదలక నిలిచిపోయి, చాల కాలమునకు బాగుచేయబడి నేడు చౌమహల్లా ప్యాలెసులో దర్శనమిచ్చుచున్నది.

తక్కువ తిరిగిన బండి కనుక చెక్కుచెదరక ఉండవలెనని సామాన్యుల ఊహ. యంత్రము విషయమున ఇది తలక్రిందులు. నిలిచియున్న ఇంజనులో నూనెపొర సిలిండరు గోడలనుండి క్రిందికి జారిపోవును. గాలిలోని తేమ తగిలి రింగులు గోడలకు పట్టుకొనును. టాంకులో మిగిలిన పెట్రోలు ఆక్సిజనుతో కలిసి బంకగా మారి సన్నని రంధ్రములను మూయును. టైరు నేలకు ఆనినచోట చదును పడును. గాలిలో తేమ సుమారు 60 శాతము దాటినచో ఇనుము తుప్పుపట్టు వేగము బాగుగా హెచ్చును. కృష్ణా డెల్టాలో అట్టి దినములే అధికము, దానికి తోడు బందరు వైపునుండి ఉప్పుగాలి. ధనము గారేజీని కట్టించగలదు. నెలకొకసారి ఇంజను త్రిప్పి, ప్రతి ఏడు పది మంది ముందు నడిపి చూపవలెనన్న పట్టుదలను సంఘమే కలిగించగలదు. ర్యాలీల అసలు ప్రయోజనము ఇదియేగాని బహుమతులు కావు.

రాజుల కార్లకే ఈ ఆదరణ అనుకొనరాదు. నిజాము ప్రభుత్వ రైల్వేవారు 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినారు. ఆనాటి ఆల్బియన్ బస్సును రోడ్డు రవాణా సంస్థవారు భద్రపరచినారు. ఇక మధ్యతరగతివారి ఉదాహరణ జావా మోటారుసైకిలు. 1961లో మైసూరులో మొదలై, తరువాత యెజ్డి అను పేరుతో సాగి, 1996లో ఆ కర్మాగారము మూతపడినది. వేలకొలది బండ్లు ఒక్కసారిగా అనాథలైనవి. బెంగుళూరు, హైదరాబాదు మొదలైన ఊళ్ళలో వాటి యజమానులు కూడి, పాత దుకాణముల అటకల మీది స్టాకును వెదకి పంచుకొన్నారు, దొరకనివి చేయించుకొన్నారు. ఇందులో ఒక లెక్క ఉన్నది. ఒక్క భాగము పోతపోయవలెనన్న అచ్చు ఖర్చంతయు దాని మీదనే పడును. అదే భాగము ఏబదిమంది కోరినచో అచ్చు ఖర్చులో ఒక్కొక్కరి వంతు ఏబదవ భాగమే. ఏటేట జూలై రెండవ ఆదివారమున జావా దినము జరుపుకొనుట వారి ఆచారము. 2018లో జావా పేరు గల కొత్త బండ్లు మరల బజారుకు వచ్చినవంటే, ఆ పేరును ఇరువది ఏండ్లు మరుగున పడనీయని ఈ సంఘముల పాత్ర అందులో తక్కువది కాదు.

చట్టము, పెట్రోలు

ఎంత పాతదైన పాతబండి? ఒక్కొక్కరిది ఒక్కొక్క కొలత. అమెరికా క్లబ్బుకు 25 ఏండ్లు చాలును. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ సమాఖ్యకు 30 ఏండ్లు. మన కేంద్రప్రభుత్వము 2021 జూలైలో చేసిన నిబంధనల ప్రకారము 50 ఏండ్లు దాటి, అసలు రూపము పెద్దగా మారని బండి మాత్రమే వింటేజి. దానికి మొదటి రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, పది సంవత్సరములకు చెల్లును. తరువాత 5,000 రూపాయలు. రాష్ట్రపు గుర్తు పక్కన వి.ఎ. అను అక్షరములు వచ్చును. ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత సంఖ్యనే ఉంచుకొనవచ్చును. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకొనుటకు నడుపవచ్చునుగాని నిత్యము తిరుగుటకు, కిరాయికి పనికిరాదు.

ఇది మంచి చట్టమే. అయితే ఇందులో ఒక కందకము మిగిలినది. సొంతకారుకు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పిమ్మట అయిదేండ్లకొకసారి పరీక్షలో నెగ్గి పొడిగించుకొనవలెను. 1985లో కొన్న అంబాసిడరు వింటేజి హోదా పొందవలెనన్న 2035 వరకు ఆగవలెను. 15వ ఏటినుండి 50వ ఏటివరకు గల ఈ ముప్పది అయిదేండ్లలోనే కారు అమ్మినచో తుక్కు ధర మాత్రమే వచ్చును, ఉంచుకొన్నచో ఖర్చు పెరుగును. 2014లో ఉత్తరపారా కర్మాగారము అంబాసిడరు తయారీ ఆపివేసినది. నిన్నమొన్నటివరకు ప్రతి ఊరి టాక్సీ స్టాండులో కనబడిన ఆ కారు, నిజాముగారి రోల్స్‌రాయిస్‌కంటె ఎక్కువ ప్రమాదములో ఉన్నది. విరివిగా ఉన్న వస్తువును ఎవరును దాచరు కదా.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. 20 శాతము ఇథనాలు గల పెట్రోలు పాత ఇంజనును ఏమిచేయును? ఒక భాగము పెట్రోలు పూర్తిగా మండుటకు బరువులో 14.7 భాగముల గాలి కావలెను. ఇథనాలులోనే కొంత ఆక్సిజను ఉన్నందున దానికి 9 భాగములు చాలును. మిశ్రమమునకు సుమారు 13.5. పాత కార్బురేటరు ఈ తేడాను ఎరుగదు. వెనుకటివలెనే గాలి కలుపును. ఫలితముగా ఇంధనము చాలక ఇంజను వేడెక్కును, ఉదయము త్వరగా అందుకొనదు. దీనికి విరుగుడు తేలిక: కొంచెము పెద్ద రంధ్రము గల జెట్టు. లీటరుకు వచ్చే శక్తి సుమారు 7 శాతము తగ్గునుగాని, ఆదివారము మాత్రమే నడిచే బండికి అది పెద్ద నష్టము కాదు.

అసలు చిక్కు పదార్థములతో. పాత రబ్బరు గొట్టములు ఇథనాలులో ఉబ్బి మెత్తబడును. టాంకు లోపలి తగరము - సీసము పూత తినివేయబడును. ఫోర్డు మోడల్-టి వంటి కార్లలో కార్బురేటరు ఫ్లోటు కార్కుబెండుతో చేసి, పైన లక్క పూసేవారు. లక్క పెట్రోలులో కరుగదు, స్పిరిటులో కరుగును. వడ్రంగి తలుపులకు వేసే పాలిషు స్పిరిటులో కరిగించిన లక్కయే. కొత్త పెట్రోలు పోసిన కొంతకాలమునకు పూత కరిగి, బెండు ఇంధనము పీల్చి మునిగిపోవును. కార్బురేటరు పొంగి పొరలును. ఈ కీడు పుస్తకములు చదివినవారికంటె ముందు బండి నడిపినవారు కనిపెట్టి ఒకరినొకరు హెచ్చరించుకొన్నారు. ఇథనాలుకు చెక్కుచెదరని పూత వేయుటయో, ఇత్తడి ఫ్లోటు అమర్చుటయో వారు కనుగొన్న ఉపాయములు.

ఇథనాలు గాలిలోని తేమను కూడ పీల్చుకొనును. నీరు ఒక హద్దు దాటినప్పుడు, నీరు - ఇథనాలు ఒక పొరగా విడిపోయి టాంకు అడుగునకు చేరును. ఇంధనపు గొట్టము మొదలు అడుగుననే ఉండును కనుక ఇంజనుకు ముందు అందేది ఆ పొరయే. అందువలన నెలల తరబడి నిలుపు బండిలో పెట్రోలు పూర్తిగా తీసివేయుట మేలు.

ఈ గుణము వలననే ఒక చక్కని పరీక్ష సాధ్యమగుచున్నది. 100 మిల్లీలీటర్ల పెట్రోలును మూత గల కొలపాత్రలో పోసి, 10 మిల్లీలీటర్ల నీరు కలిపి, కుదిపి, నిలువ ఉంచవలెను. ఇథనాలు నీటిలోనికి దిగివచ్చును. అడుగు పొర 10 వద్ద ఉన్నచో ఇథనాలు లేదు. సుమారు 30 వరకు పెరిగినచో 20 శాతము ఉన్నట్లు. పాఠశాలలో ఉపాధ్యాయుడే స్వయముగా, ఆరుబయట, నిప్పు దరిదాపులలో లేకుండ చేసి చూపవలెను. పాతకార్ల యజమానులు కొందరు పెట్రోలు పోయించిన ప్రతిసారి ఈ కొలత తీసి, బంకు పేరు, తేదీ, ఆనాటి ఇంజను నడక ఒక పుస్తకములో వ్రాసి, తోటివారికి పంపుచున్నారు. బొగ్గుబస్సుల కాలమున ఎవరును వ్రాసిపెట్టని చిట్టా ఇటువంటిదే.